కుర్చీ వదలకుండా ఇంకో కుర్చీకి పోటీనా?

సంఘం ఎన్నికలు దగ్గర పడ్డాయి. పల్లెల్లో లెక్కలు మొదలయ్యాయి. అధ్యక్షుడు ఎవరు, మాలపల్లె నుంచి ఎందరు, మాదిగపల్లె నుంచి ఎందరు, ఆడవాళ్ళకి ఏ పదవి ఇస్తారు? గురజాల బస్టాండు టీ కొట్టు దగ్గర నిలబడినా ఇదే మాట. మంచిదే. ఒకప్పుడు మన పెద్దలకు ఓటు వేయడమే కష్టం, పోటీ చేయడం ఎక్కడిది? ఇవాళ మన సంఘంలో మనమే పోటీ పడుతున్నామంటే అది ఎదుగుదలే.

కానీ ఒక ప్రశ్న ఎవరూ ఎత్తడం లేదు. కార్యవర్గంలో ఇప్పటికే ఒక పదవిలో ఉన్నవాడు, గడువు ఇంకా మిగిలి ఉండగానే వేరే పదవికి పోటీ చేయాలనుకుంటే, ఉన్న పదవి ముందు వదలాలా, అక్కర్లేదా? మన నిబంధనావళి మొత్తం తిరగేశాను. సర్వసభ్య సమావేశానికి కోరం ఎంతో రాసి ఉంది. చందా ఎంతో ఉంది. రబ్బరు స్టాంపు ఎవరి దగ్గర ఉండాలో కూడా ఉంది. ఈ మాట మాత్రం లేదు. లేనందువల్ల మనకు ఏం జరిగిందో తెలిసినవాళ్ళు తెలిసినట్టే ఉన్నారు, తెలియనివాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను.

మన మండల సంఘంలో పదవులన్నీ ఒకేసారి ఖాళీ కావు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షురాలు ఒక ఏడు దిగుతారు. కార్యదర్శి, కోశాధికారి మరుసటి ఏడు దిగుతారు. అందరూ ఒక్కసారే మారిపోతే పని తెలిసిన మనిషి ఒక్కడూ మిగలడని మన పెద్దలు అట్లా పెట్టారు. బుద్ధిగానే పెట్టారు. అయితే దాంట్లో ఒక సందు మిగిలిపోయింది. కోశాధికారికి ఇంకా ఏడాది గడువు ఉంటుంది. అధ్యక్ష పదవికి ఎన్నిక వస్తుంది. గెలిస్తే అధ్యక్షుడు, ఓడితే మళ్ళీ కోశాధికారి. పోయేదేం లేదు.

కిందటిసారి జరిగింది ఇదే. అప్పటి కోశాధికారి అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. పేరు చెప్పను, అవసరం లేదు. నాకు తమ్ముడి వరసే అవుతాడు. చందా రసీదు పుస్తకాలు అతని దగ్గర. మన దగ్గర ఓటు హక్కు రసీదుకే గదా. ఎవరి పల్లెకు రసీదు పుస్తకం ముందు పోయింది, ఎవరి పల్లెకు ఆఖరి రెండు రోజుల్లో పోయింది అని ఎన్నికల రోజున పెద్ద గొడవ. కావాలని చేశాడో, పనుల్లో పడి ఆలస్యం చేశాడో అతని మనసుకే తెలియాలి. నేను చెప్పేదల్లా ఒకటే. ఆట ఆడేవాడి చేతిలోనే ఈల కూడా ఉంటే, అతను న్యాయంగా ఊదినా ఎదుటివాడు నమ్మడు.

అంత చేసీ ఓడిపోయాడు. ఓడిపోయిన మరునాడు అదే కోశాధికారి కుర్చీలో కూర్చున్నాడు, తనను ఓడించిన మనిషి కింద. బ్యాంకులో డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. అధ్యక్షుడు సంతకం పెట్టి పంపిన చెక్కు ఇతని దగ్గర ఆగిపోయేది. "పాత లెక్క తేలనీయండి" అనేవాడు. లెక్క అతని దగ్గరే ఉంది, తేల్చాల్సింది అతనే!

ఆ డబ్బు ఏ డబ్బు? శ్మశానం దారి కేసు కోసం మన ఆడవాళ్ళు మిర్చి కోతల కూలి నుంచి తలా రెండొందలు తీసి ఇచ్చిన డబ్బు. పొద్దున చీకటితో ఆటో ఎక్కి, సాయంత్రం చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునే వాళ్ళ డబ్బు. దారి కొలిపించడానికి కోర్టులో కట్టాల్సిన ఫీజు వేళకు కట్టలేకపోయాం. వాయిదా పడింది. మళ్ళీ వాయిదా పడింది. వానాకాలం వచ్చేసింది. ఆగస్టులో మా మేనత్త పోతే పాడెను మోకాళ్ళ లోతు బురదలో, పక్క చేలో పత్తి మొక్కలు తొక్కకుండా, గట్టు మీద నిలబడి ఒకాయన అరుస్తుంటే మోసుకుపోయాం. నేను ముందు వైపు పట్టుకున్నాను. ఆ రోజు అరిచినవాడి మీద కంటే మా బీరువాలో పడున్న చెక్కు మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

చివరికి లెక్క చూస్తే ఒక్క రూపాయి తేడా లేదు. అతను దొంగ కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో పదవి గొడవ వచ్చిందంటే మొదట వచ్చే మాట "డబ్బు తిన్నాడు" అనే. తినలేదు. ఓడిన మనిషిని, ఓడించిన మనిషి పక్కనే తాళం చేతికిచ్చి కూర్చోబెట్టాం. తప్పు మనిషిది కొంత, నిబంధన లేకపోవడానిది ఎక్కువ.

"పెద్ద పెద్ద వాళ్ళే వదలరు, మనకెందుకు మాస్టారూ ఈ పట్టింపు?" అని మన కుర్రాళ్ళు అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. పైన జరిగేది చూద్దాం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ స్థానానికి ఇద్దరు ఎమ్మెల్యేలు పోటీ చేశారు. కాంగ్రెస్ తరఫున ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్, బీఆర్ఎస్ తరఫున సికింద్రాబాద్ ఎమ్మెల్యే పద్మారావు గౌడ్. గెలిచింది బీజేపీ కిషన్ రెడ్డి, ఆయన అప్పటికే కేంద్రమంత్రి. ఓడిన ఇద్దరూ ఎమ్మెల్యేలుగానే ఇంటికి పోయారు. చట్టం ఒప్పుకుంటుంది. గెలిస్తే మాత్రం రెండిట్లో ఒకటి వదలాలి, రెండు సభల్లో కూర్చోవడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. వదలడానికి పద్నాలుగు రోజుల గడువు. అంటే వదిలేది గెలిచాకనే. ఓటమి భయం లేని పోటీ అది.

ఒకే మనిషి ఒకేసారి రెండు మూడు చోట్ల నిలబడటం దీనికి అన్న లాంటిది. 1985లో ఎన్టీ రామారావు గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడు చోట్లా నిలబడి మూడూ గెలిచారు. హిందూపురం ఉంచుకున్నారు. మిగతా రెండు చోట్ల జనం మళ్ళీ ఓటు వేయాల్సి వచ్చింది. 1996లో చట్టం మార్చి రెండు చోట్లకు మించి కుదరదన్నారు. 2023లో తెలంగాణలో కేసీఆర్ గజ్వేల్లో, కామారెడ్డిలో నిలబడ్డారు. రేవంత్ రెడ్డి ఎంపీగా ఉంటూనే కొడంగల్లో, కామారెడ్డిలో నిలబడ్డారు. కామారెడ్డి వాళ్ళు ఇద్దర్నీ ఓడించి మూడో మనిషిని గెలిపించారు. (ఆ తీర్పు వినగానే నేను స్టాఫ్ రూములో చప్పట్లు కొట్టాను, ఏ పార్టీ మీద ప్రేమతో కాదు.) ఒక మనిషికి ఒకే స్థానం అని 2015లో లా కమిషన్ సిఫారసు చేసింది. 2023లో సుప్రీంకోర్టు అది పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమని చెప్పింది. పార్లమెంటులో కూర్చునేవాళ్ళే తమ కాళ్ళ కింద ముల్లు వేసుకుంటారా?

ఇప్పుడు నన్ను చూడండి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా నాన్న పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో ఊపిరితిత్తులు పాడు చేసుకుని నన్ను చదివించాడు. నేను సర్కారు బడి పంతుల్ని. రేపు నాకు సర్పంచిగా నిలబడాలని బుద్ధి పుడితే ముందు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి. గెలిస్తే సర్పంచి. ఓడితే అటు బడీ లేదు, ఇటు పంచాయతీ లేదు. ఎమ్మెల్యే ఎంపీకి నిలబడితే పోయేది ఏమీ లేదు. పంతులు వార్డు మెంబరుకు నిలబడాలన్నా బతుకుదెరువు పణంగా పెట్టాలి. సర్కారు కొలువులో ఉన్నవాడు అధికారాన్ని వాడి ఓట్లు దండుకుంటాడన్న భయం సబబైనదే. మరి అదే భయం ఎమ్మెల్యే విషయంలో ఎందుకు లేదు? కిందివాడికి ఒక కొలత, పైవాడికి ఒక కొలత. ఈ దేశంలో ఇది మనకు కొత్తా?

అందుకే కుర్రాళ్ళతో అంటున్నాను. "వాళ్ళు వదలరు గాబట్టి మనమూ వదలం" అంటే, వాళ్ళ సంఘం లాంటిదే మనమూ పెట్టుకున్నట్టు. దానికి నీలి జెండా ఎందుకు?

పార్టీల్లో అప్పుడప్పుడు ఈ నియమం కనిపిస్తుంది. 2022లో కాంగ్రెస్ ఉదయపూర్‌లో "ఒక వ్యక్తికి ఒకే పదవి" అని తీర్మానం చేసుకుంది. ఆ ఏడే అధ్యక్ష ఎన్నిక వచ్చింది. మల్లికార్జున ఖర్గే నామినేషన్ వేస్తూ రాజ్యసభ ప్రతిపక్ష నాయకుడి పదవికి రాజీనామా లేఖ పంపారు. ఆయన తరఫున ప్రచారం చేయడానికి ముగ్గురు పార్టీ అధికార ప్రతినిధులు కూడా తమ పదవులు వదిలారు. సంఘంలో బాధ్యతలో ఉన్నవాళ్ళు ప్రచారం చేయదలిస్తే ముందు ఆ బాధ్యత వదలాలని ఎన్నికల అధికారులు ఆదేశం కూడా ఇచ్చారు. ఇంతవరకు బాగుంది. ఖర్గే 7,897 ఓట్లతో గెలిచారు, శశి థరూర్‌కు 1,072 వచ్చాయి. మన మనిషి ఒక జాతీయ పార్టీకి ఎన్నికై అధ్యక్షుడయ్యాడు, సంతోషమే. కానీ ఆ రాజీనామా లేఖ తర్వాత ప్రతిపక్ష నాయకుడి కుర్చీలోకి వేరొకరు రాలేదు. ఆయనే కొనసాగారు. మనవాడైనా చెప్పాల్సింది చెప్పాలి. కాగితం ఇచ్చి కుర్చీ ఉంచుకుంటే అది రాజీనామా కాదు.

మన తెలుగునేల మీద ఇంతకంటే పెద్ద పాఠం ఒకటుంది. మన పిల్లలకు చరిత్ర పుస్తకంలో ఇది సరిగ్గా చెప్పరు. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆయన కాంగ్రెస్ అఖిల భారత అధ్యక్షుడు కావడంతో ముఖ్యమంత్రి పదవి వదిలారు. అలా ఖాళీ అయిన కుర్చీలోకి 1960 జనవరి 11న దామోదరం సంజీవయ్య వచ్చారు. కర్నూలు జిల్లా పెదపాడు మాలపల్లెలో పుట్టిన మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసు. ఈ దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఆలోచించండి. పెద్దాయన రెండు పదవులూ చేతిలో పెట్టుకుని ఢిల్లీకీ హైదరాబాదుకీ తిరిగి ఉంటే, ఆ కుర్చీ ఖాళీ అయ్యేదా? ఒకడు పదవి పూర్తిగా వదిలితేనే ఇంకొకడికి చోటు. ఆ ఇంకొకడు ఎప్పుడూ మనలాంటివాడే, వరసలో చివర నిలబడ్డవాడే.

కథ అక్కడితో అయిపోలేదు. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్య అదే ఏడు కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. అటుది ఇటు, ఇటుది అటు. పైకి చూస్తే సంజీవయ్యకు ఇంకా పెద్ద పదవి, ఆ పదవిలో కూడా మొదటి దళితుడు ఆయనే. నాకు మాత్రం అది కుర్చీ వాపసు తీసుకోవడంలాగే కనిపిస్తుంది. రెండేళ్ళు వేరొకరి పొలాన్ని కౌలుకు దున్నినట్టు. వదిలిన పదవికి తిరిగి దారి ఉంచుకుంటే, మధ్యలో కూర్చున్నవాడు ఎంత గొప్పవాడైనా కాపలాదారుగానే మిగులుతాడు. అందుకే వదలడం అంటే తిరిగి తీసుకోవడానికి వీలు లేకుండా వదలడం.

బాబాసాహెబ్ సంగతి కూడా చూడండి. 1942లో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పెట్టినప్పుడు, దాని వెనక ఉన్న బుర్ర, గుండె ఆయనే. అదే ఏడు ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చేపట్టారు. ఫెడరేషన్ అధ్యక్ష పదవిలో కూర్చున్నది ఆయన కాదు, మద్రాసుకు చెందిన ఎన్. శివరాజ్. అంతటివాడు అధ్యక్ష పదవి ఇంకొకరికి ఇస్తే, మండల సంఘంలో ఒక రసీదు పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు వదలలేమా?

పరాయి దేశాల్లో దీన్ని ఏకంగా చట్టంలో రాసుకున్నవాళ్ళు ఉన్నారు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో పదవిలో ఉన్నవాడు గడువులు కలిసిపోయే ఇంకో పదవికి పోటీ చేయాలంటే ముందే రాజీనామా రాసివ్వాలి, దాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు. అరిజోనాలో కూడా ఉంది, కానీ గడువులో ఆఖరి ఏడాది నడుస్తున్నవాడికి మినహాయింపు. ఈ మినహాయింపు నాకు నచ్చింది. ఎందుకో చెబుతాను.

పోయిన నెల పల్లెలో ఈ మాట ఎత్తితే అరుగు మీద కూర్చున్న మా పెద్దమ్మ వరస ఆవిడ ఒకరు నన్ను నిలబెట్టి అడిగింది. "అయ్యా, మనలో కాగితం రాయగలిగినోళ్ళు ఎంతమంది? నలుగురు. ఆ నలుగుర్నీ దిగిపొమ్మంటావు. ఓడినోడు ఇంటికాడ కూచుంటే తాసిల్దారు ఆఫీసుకు మాతో ఎవరొస్తారు? నువ్వు బడికి పోతావు గదా?" నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆవిడ అన్నది నిజం. పెద్ద కులాల సంఘాల్లో ఒకడు దిగితే పదిమంది వకీళ్ళు, డాక్టర్లు ఎక్కడానికి సిద్ధంగా ఉంటారు. మనకు ఒక్కో మనిషి తయారు కావడానికి ఒక తరం పట్టింది. అందర్నీ గంపగుత్తగా దించేస్తే సంఘం గుల్ల అవుతుంది.

ఇంకొకటి. ఉపాధ్యక్ష పదవి ఆడవాళ్ళకని పెట్టుకున్నాం. ఆ పదవిలో ఉన్న ఆవిడ, గడువు మిగిలి ఉండగా మధ్యలో అధ్యక్ష పదవి ఖాళీ అయితే దానికి నిలబడాలనుకుంటుంది. "ముందు రాజీనామా ఇవ్వు" అంటే, గెలవకపోతే ఆవిడ మొత్తానికే బయటికి పోతుంది. రెండోసారి ఏ ఆడమనిషీ అధ్యక్ష పదవి వైపు చూడదు. మగవాళ్ళకి కావాల్సింది అదే. నిబంధన రాసేటప్పుడు దాంతో ఎవరిని కొట్టొచ్చో కూడా చూసుకోవాలి.

కాబట్టి నేను ఆలోచించి ఒక తేడా పట్టుకున్నాను. పదవి వేరు, పదవితో వచ్చే తాళం వేరు. డబ్బు, రసీదు పుస్తకం, సభ్యుల జాబితా, మినిట్స్ పుస్తకం, స్టాంపు ఎవరి చేతిలో ఉంటాయో వాళ్ళు, అంటే కోశాధికారి, కార్యదర్శి, వేరే పదవికి పోటీ చేయాలంటే నామినేషన్‌కు ముందే రాజీనామా చేయాలి. రాతపూర్వకంగా, తిరిగి తీసుకోకుండా. పుస్తకాలు ముగ్గురు పెద్దల ముందు లెక్క చూసి అప్పజెప్పాలి. అలా ఖాళీ అయిన పదవికి ఆ ఎన్నికలోనే, ఆ రోజే ఓటు జరగాలి. గెలిచిన అధ్యక్షుడు తన బామ్మర్దిని తెచ్చి కూర్చోబెట్టడానికి వీల్లేదు. ఉపాధ్యక్షురాలు, మామూలు కార్యవర్గ సభ్యులు, వీళ్ళ చేతిలో తాళం ఏదీ లేదు గాబట్టి రాజీనామా అక్కర్లేదు. పోటీ ఉన్నన్నాళ్ళు కార్యవర్గ సమావేశాలకు రాకుండా ఉంటే చాలు. కోశాధికారి గడువు కూడా ఆ ఎన్నికతోనే ముగిసిపోతుంటే రాజీనామా ప్రశ్నే లేదు, నామినేషన్ నాడు తాళం అప్పగిస్తే సరిపోతుంది. అరిజోనా మినహాయింపులోని న్యాయం ఇదే. ఎన్నికలు నడిపే మనిషి మాత్రం ఆ ఏడు ఏ పదవికీ నిలబడకూడదు, ఇందులో మినహాయింపు లేదు. ఒకే మనిషి ఒకేసారి రెండు పదవులకు నామినేషన్ వేయడం కూడా ఆపాలి.

పెద్దమ్మకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఓడినవాడు కుర్చీ పోగొట్టుకుంటాడు, కాళ్ళు పోగొట్టుకోడు గదా. తాసిల్దారు ఆఫీసుకు రావడానికి పదవి ఎందుకు? పదవి లేకపోతే రాను అనేవాడు పదవి ఉన్నప్పుడు ఎవరి కోసం వచ్చాడు? ఆవిడకు ఇదే చెప్పాను. "చూద్దాంలే" అంది. పూర్తిగా ఒప్పుకుందని నేను అనుకోవడం లేదు.

ఒక ప్రమాదం గురించి ముందే హెచ్చరిస్తున్నాను. నామినేషన్ల ముందు రోజు కూర్చుని ఇలాంటి నిబంధన చేస్తే అది నిబంధన కాదు, ఎవడో ఒకడి మీద వేసిన వల. పల్నాడులో వర్గాల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కోడిపందెంతో మొదలై కారెంపూడి దాకా పోయిన గడ్డ మనది. అందుకని ఈ సవరణ సర్వసభ్య సమావేశంలో పెట్టి, ఓటుతో నెగ్గి, నిబంధనావళిలో ఎక్కాక, వచ్చే ఎన్నిక నుంచి అమలు కావాలి. ఈ ఎన్నికలో ఎవరినీ దీని పేరు చెప్పి ఆపకూడదు.

ఇప్పుడు నా సంగతి. నేను ప్రస్తుతం సంఘం కార్యదర్శిని. నా గడువు ఇంకా ఏడాది ఉంది. ఈసారి అధ్యక్ష పదవికి నిలబడమని నాలుగు ఊళ్ళవాళ్ళు అడిగారు, ఒప్పుకున్నాను. "నిబంధన ఇంకా రాలేదు గదా మాస్టారూ, మీరెందుకు దిగడం, ఓడితే కార్యదర్శిగా అయినా ఉంటారు" అన్నారు మనవాళ్ళు. ఆ మాటే కిందటిసారి ఆ తమ్ముడితో కూడా ఎవరో అని ఉంటారు.

పోయిన ఆదివారం రాజీనామా ఇచ్చాను. మినిట్స్ పుస్తకం, సభ్యుల జాబితా, స్టాంపు, బీరువా తాళం ముగ్గురు పెద్దల ముందు అప్పజెప్పి సంతకాలు తీసుకున్నాను. నకలు రెండు పల్లెల్లోనూ అంబేద్కర్ విగ్రహాల దగ్గర గోడకు అంటించాం. కార్యదర్శి పదవికి కూడా ఈ ఎన్నికలోనే నామినేషన్లు తీసుకుంటారు, ఎవరైనా వేయవచ్చు, ఆడపిల్లలు వేస్తే ఇంకా మంచిది. శ్మశానం దారి కేసు కాగితాల కట్ట బీరువా పై అరలో ఉంది. వాయిదా తేదీ కట్ట మీద ఎర్ర సిరాతో రాసిపెట్టాను.